నీటి కంపనం చేప నాడిలో ఎలా సంకేతమవుతుంది?

రాజాం ప్రాంతం నుంచి డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్న ఒక విద్యార్థిని అడిగిన ప్రశ్న ఇది: "మా తాతగారు రాత్రిపూట చెరువులో గేలం వేసేటప్పుడు గట్టు మీద ఎవరినీ గట్టిగా అడుగు వేయనివ్వరు. చేప తన ఒంటి మీది గీతతో అడుగుల చప్పుడు వింటుందని అంటారు. పార్శ్వరేఖ నీటి కంపనాలను గ్రహిస్తుందని మా పాఠంలో కూడా ఒక్క వాక్యం ఉంది. కానీ కంపనం నాడిలోకి ఎలా వెళుతుంది? పెద్ద కంపనమైతే పెద్ద విద్యుత్తు, చిన్నదైతే చిన్న విద్యుత్తు వెళుతుందా? అది ఎటు నుంచి వచ్చిందో చేపకు ఎలా తెలుస్తుంది?"

అమ్మా, మీరు అడిగిన విద్యుత్తు సంగతి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే నేను పాఠం చెప్పిన ఏళ్లన్నిటిలోనూ విద్యార్థులు ఎక్కువగా తడబడినది అక్కడే. కంపనం పెద్దదైనా చిన్నదైనా ఒక నాడీతంతువులో ప్రయాణించే ప్రచోదనం, అంటే క్షణికమైన విద్యుత్ సంకేతం, పరిమాణం మారదు. వెళితే పూర్తిగా వెళుతుంది, లేకపోతే అసలు వెళ్లదు. ఇది చేపకే ప్రత్యేకమైన సంగతి కాదు. 1926లో ఏడ్రియన్, జాటర్‌మన్ అనే శాస్త్రవేత్తలు కప్ప కండరంలోని జ్ఞాననాడుల నుంచి ఒక్కొక్క తంతువు స్పందనను విడిగా నమోదు చేసి, ఉద్దీపన బలం పెరిగితే ప్రచోదనాల సంఖ్య పెరుగుతుందే తప్ప వాటి ఎత్తు పెరగదని చూపించారు. పార్శ్వరేఖ నాడికీ ఆ నియమమే వర్తిస్తుంది. అయితే నీటి కంపనం విషయంలో సంఖ్య కంటే ముందు మాట్లాడేది వేళ. ప్రచోదనం నీటి అల ఏ ఘడియలో ఉండగా బయలుదేరింది అన్నదే ఈ నాడి భాషలో ప్రధానమైన మాట. మిగిలిన వివరమంతా ఈ ఒక్క సంగతిని అర్థం చేసుకోవడానికే.

ముందు అవయవాన్ని కళ్లతో చూడండి. ఈసారి ఇంటికి శీలావతి చేపను తెచ్చినప్పుడు పొలుసులు గీకేయకముందే దాని పక్కభాగాన్ని పరిశీలించండి. మొప్ప కప్పు వెనక నుంచి తోక దాకా సన్నని గీత ఒకటి కనిపిస్తుంది. ఆ గీత మీద సుమారు నలభై పొలుసులుంటాయి. వాటిలో ఒకదాన్ని పట్టకారుతో జాగ్రత్తగా ఊడదీసి, కడిగి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే దాని మధ్యగా ఒక సన్నని గొట్టం కనిపిస్తుంది. పక్క వరుస పొలుసుల్లో ఆ గొట్టం ఉండదు. ఒక పొలుసు గొట్టం పక్క పొలుసు గొట్టంతో కలిసి చర్మం కింద పొడవాటి కాలువగా ఏర్పడి, చిన్న రంధ్రాల ద్వారా బయటి నీటికి తెరుచుకుంటుంది. కాబట్టి అది బిగించిన తీగ కాదు, చెవిలోని కర్ణభేరి వంటి పొర కూడా కాదు. రంధ్రాలున్న నీటి కాలువ, దాని లోపల రంధ్రానికీ రంధ్రానికీ నడుమ కూర్చున్న జ్ఞానాంగాల వరుస. ఆ జ్ఞానాంగాన్నే న్యూరోమాస్ట్ అంటారు. తల మీద, కంటి చుట్టూ, కింది దవడ వెంట కూడా ఇలాంటి కాలువలున్నాయి. ఇవి కాక చర్మం పైభాగానే, ఏ కాలువా లేకుండా, నేరుగా నీటికి తగిలేలా ఉండే న్యూరోమాస్ట్‌లు మరికొన్ని ఉంటాయి. వాటిని ఉపరితల న్యూరోమాస్ట్‌లు అంటారు. ఈ రెండు రకాల తేడా తరువాత మనకు చాలా అవసరమవుతుంది.

గీత లేని చేపలూ ఉన్నాయి. మన తీరంలో వలకు గంపలకొద్దీ పడే కవళ్లను చూడండి. వాటి ఒంటి పక్కన పార్శ్వరేఖ కనబడదు. వాటిలో కాలువలన్నీ తల మీదే దట్టంగా కొమ్మలు వేసి ఉంటాయి. అంటే పాఠంలోని బొమ్మలో గీత గీసి బాణం గుర్తు పెట్టిన చోట మాత్రమే ఈ జ్ఞానం ఉంటుందని అనుకోకూడదు.

ఇక న్యూరోమాస్ట్ లోపలికి వెళదాం. దానిలో రోమకణాలు ఉంటాయి. జీబ్రా చేప పిల్లలో ఒక్కొక్క న్యూరోమాస్ట్‌లో పదిహేను ఇరవై వరకు, పెద్ద చేపల కాలువ న్యూరోమాస్ట్‌లలో వందల్లో ఉంటాయి. ఒక్కొక్క కణం కొన మీద మెట్లమెట్లుగా ఎత్తు పెరుగుతూ పోయే స్టీరియోసీలియాలనే సన్నని రోమాల కుచ్చు, ఆ కుచ్చులో ఎత్తైన వైపున కైనోసీలియం అనే వేరే రకం రోమం ఒకే ఒక్కటి ఉంటాయి. ఈ కుచ్చులన్నిటి మీద కుపులా అనే జిగురు గోపురం కప్పి ఉంటుంది. నీరు కదిలితే కుపులా ఒరుగుతుంది, కుపులాతో పాటు కుచ్చులు ఒరుగుతాయి. పొట్టి రోమం కొనను పక్కనున్న పొడవు రోమానికి కలుపుతూ అతి సన్నని దారం ఉంటుంది. కుచ్చు కైనోసీలియం వైపు ఒరిగినప్పుడు ఆ దారం బిగిసి, రోమాల కొనల్లోని అయాన్ ద్వారాలు తెరుచుకుంటాయి. ధనావేశ అయాన్లు లోపలికి వచ్చి కణం వోల్టేజీని మారుస్తాయి. ఎదురు దిశకు ఒరిగితే దారం సడలి ద్వారాలు మూసుకుంటాయి. ఇక్కడ రసాయన చర్యల పొడవైన గొలుసు ఏదీ లేదు. లాగితే తెరుచుకునే తలుపు, వదిలితే మూసుకునే తలుపు, అంతే. అందువల్లే ఈ కణం మన కంటిలోని కణాల కంటే ఎంతో వేగంగా స్పందించగలుగుతుంది. దానిని కదిలించడానికి బయటి నీరు ఒక మైక్రోమీటరు కంటే, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు కంటే, తక్కువ జరిగినా చాలు.

కణం అడుగున నాడితో కలిసే చోట మరొక విశేషం ఉంది. అక్కడ సినాప్టిక్ రిబ్బన్ అనే నిర్మాణం చుట్టూ, సంకేతాన్ని నాడికి అందించే గ్లూటమేట్ అనే రసాయనం నింపిన చిన్న సంచులు సిద్ధంగా వేలాడుతూ ఉంటాయి. కణం వోల్టేజీ కొంచెం పెరగగానే కాల్షియం లోపలికి వచ్చి సంచులు తెరుచుకుంటాయి, గ్లూటమేట్ నాడీతంతువు కొనను తాకుతుంది. సంచులు ఎప్పుడూ నిండుగా వరుసలో ఉండడం వల్ల ఈ నాడీసంధి గంటల తరబడి అలసట లేకుండా, వేళ తప్పకుండా పనిచేస్తుంది. నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు కూడా కొన్ని అయాన్ ద్వారాలు తెరిచే ఉంటాయి కాబట్టి గ్లూటమేట్ కొద్దికొద్దిగా జారుతూనే ఉంటుంది. ఫలితంగా ఏ కంపనమూ లేని నీటిలో కూడా పార్శ్వరేఖ నాడి మౌనంగా ఉండదు. ఒక్కొక్క తంతువు సెకనుకు కొన్ని మొదలుకొని కొన్ని పదుల ప్రచోదనాలను క్రమం లేకుండా పంపుతూనే ఉంటుంది. హోగ్లండ్ 1933లో చేపల పార్శ్వరేఖ నాడుల నుంచి విద్యుత్ స్పందనలను నమోదు చేసినప్పుడే ఈ ఆగని సందడి కనిపించింది.

ఈ విశ్రాంతి సందడి వృథా అని అనుకోకండి. నాడి మామూలుగా మౌనంగా ఉండేదైతే కుచ్చు ఒక దిశకు ఒరిగిన సంగతి మాత్రమే చెప్పగలిగేది, ఎదురు దిశకు ఒరిగితే చెప్పడానికి దాని దగ్గర ఏమీ మిగలదు. ఎప్పుడూ కొంత మోగుతూ ఉండడం వల్ల ఒక దిశకు మోత పెంచి, మరొక దిశకు తగ్గించి, రెండింటినీ చెప్పగలుగుతుంది. అంతకంటే ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉంది. అతి బలహీనమైన కంపనం తనంతట తాను కొత్త ప్రచోదనాన్ని పుట్టించలేదు, కానీ ఎలాగూ పుట్టబోతున్న ప్రచోదనాన్ని కొంచెం ముందుకో వెనక్కో జరపగలదు. మొదటి సమాచారం ఆ జరుగుడులోనే ఉంది.

దీన్ని నేను పుస్తకంలో చదవడానికి ముందే చెవులతో విన్నాను. పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజుల్లో, మత్తు ఇచ్చిన చేపను నీటి తొట్టెలో ఉంచి, మొప్పల మీదుగా నీరు పారేలా ఏర్పాటు చేసి, మొప్ప కప్పు వెనక నాడికి సన్నని ఎలక్ట్రోడ్ ఆనించి, ఆ స్పందనను లౌడ్‌స్పీకరుకు కలిపేవాళ్లం. తాటాకు కప్పు మీద వాన మొదలైనప్పుడు చినుకులు వేళాపాళా లేకుండా పడే చప్పుడులా ఉండేది. తొట్టెలో ఒక చిన్న గోళాన్ని నెమ్మదిగా కంపింపజేయగానే చినుకుల సంఖ్య మారకుండానే వాటికి ఒక లయ వచ్చేది. అయితే ఒక వారమంతా గోళాన్ని ఆపేసినా లయ ఆగలేదు. సెకనుకు 50 సార్లు తిరిగే విద్యుత్ సరఫరా మా పరికరంలోకి చొరబడిందని అనుకొని తీగలన్నీ మార్చాం. కానీ ప్రచోదనాలను కొలిచి చూస్తే లయ 50 దగ్గర లేదు, 48 దగ్గర ఉంది. గోడకు అవతల నీళ్ల మోటారు నడుస్తోంది. అలాంటి మోటారు తిరుగుడు సరఫరా పౌనఃపున్యం కంటే కొద్దిగా వెనకబడే ఉంటుంది. దాని అదురు గోడ గుండా బల్లలోకి, బల్ల నుంచి తొట్టెలోకి వస్తోంది. మా చేతులు బల్ల మీదే ఉన్నా మాకు ఏమీ తెలియలేదు, చేప నాడి మాత్రం దాన్ని లెక్కపెడుతూ కూర్చుంది. తొట్టె కింద గాలి నింపిన సైకిల్ ట్యూబులు పెట్టాక మళ్లీ వాన చప్పుడే మిగిలింది. ఆ వారం మా పని పాడైనా, ఈ నాడి ఎంత నమ్మకంగా వేళను పట్టుకుంటుందో నాకు అప్పుడే తెలిసింది.

ఈ గుణాన్ని దశాబంధనం అనవచ్చు. నీరు ముందుకూ వెనక్కూ ఊగే ఒక్కొక్క ఆవృత్తిలో ఒక నిర్దిష్ట దశ దగ్గరే ప్రచోదనం పుట్టడం దాని అర్థం. ఇక్కడ ఒక సందేహం రావాలి. నీరు సెకనుకు 100 సార్లు కంపిస్తుంటే, సెకనుకు 30 ప్రచోదనాలు మాత్రమే పంపే తంతువు ఆ నూరును ఎలా చెబుతుంది? మన జిల్లాల తప్పెటగుళ్లను గుర్తు తెచ్చుకోండి. ఛాతీ మీద తప్పెట కట్టుకొని గంతులు వేస్తూ వాయించే బృందంలో అలసిన కళాకారుడు నడుమ కొన్ని దెబ్బలు వదిలేస్తాడు. అయినా వేసిన ప్రతి దెబ్బా తాళం మీదే పడుతుంది, తాళానికీ తాళానికీ నడుమ పడదు. అలాగే ఈ తంతువు కొన్ని ఆవృత్తులను వదిలేసినా, పంపిన ప్రచోదనాల మధ్య ఎడం 10 మిల్లీసెకన్లో, 20 మిల్లీసెకన్లో, 30 మిల్లీసెకన్లో ఉంటుంది తప్ప 14 గానీ 17 గానీ ఉండదు. ఒక తంతువు వదిలేసిన ఆవృత్తిని పక్క తంతువు అందుకుంటుంది. అన్ని తంతువులనూ కలిపి వింటే 100 హెర్ట్జ్ తాళం స్పష్టంగా వినబడుతుంది. పౌనఃపున్యం నాడిలోకి ఎక్కే మార్గం ఇదే.

కంపనం బలం కూడా మొదట ఈ లయలోనే చేరుతుంది. అతి తక్కువ బలం దగ్గర ప్రచోదనాల సంఖ్య విశ్రాంతి స్థాయిలోనే ఉండి, వాటి వేళ మాత్రం కొంచెం కొంచెంగా ఒక దశ చుట్టూ గుమిగూడుతుంది. బలం పెరిగేకొద్దీ ఆ గుంపు ఇరుకవుతుంది. మరింత పెరిగితే అప్పుడు సంఖ్య పెరగడం మొదలవుతుంది, ఇంతవరకూ స్పందించని తంతువులు కూడా తోడవుతాయి. చివరకు తంతువు తట్టుకోగల హద్దు దగ్గర సంఖ్య నిలిచిపోతుంది. ప్రచోదనాల సంఖ్యను మాత్రమే లెక్కించి, సంఖ్య పెరగలేదు కాబట్టి చేపకు తెలియలేదు అని తీర్మానించడం పొరపాటు. ప్రయోగాల్లో వేళను కూడా చూసినప్పుడు సున్నితత్వపు హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

ఇక దిశ. ఒకే న్యూరోమాస్ట్‌లోని రోమకణాలన్నీ ఒకే వైపు చూస్తూ ఉండవు. సగం కణాల్లో కైనోసీలియం తల వైపుంటే, వాటి పక్కనే మిగతా సగంలో తోక వైపుంటుంది. ఈ అమరికను 1960ల్లో ఫ్లాక్, వెర్సాల్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో స్పష్టంగా చూపించారు. నాడీతంతువులు కూడా ఈ తేడాను గౌరవిస్తాయి. ఒక్కొక్క తంతువు ఎన్నో కణాలను కలుపుకున్నా, ఒకే వైపు చూసే కణాలనే ఎంచుకొని కలుపుకుంటుంది. 2008లో జీబ్రా చేప పిల్లల్లో ఈ ఎంపికను కళ్లకు కట్టినట్లు చూపించారు. దీని ఫలితం ఏమిటంటే, నీరు తోక వైపు కదిలిన అర ఆవృత్తిలో ఒక జట్టు తంతువులు, తల వైపు కదిలిన అర ఆవృత్తిలో రెండో జట్టు తంతువులు మోగుతాయి. ఒకే రోట్లో ఇద్దరు ఎదురెదురుగా నిలబడి దంచుతుంటే ఒకరి రోకలి లేచినప్పుడు రెండోవారిది దిగుతుంది కదా, అలాగన్నమాట. కంపనం కాక ఒకే దిశకు నెట్టే ప్రవాహమైతే ఒక జట్టు మోత నిలకడగా పెరిగి రెండో జట్టు మోత తగ్గుతుంది. రెండు జట్ల స్పందనను పోల్చి చూసుకోవడం ద్వారా నీరు ఎటు వెళ్లిందో మెదడు తెలుసుకుంటుంది.

ఉపరితల న్యూరోమాస్ట్, కాలువ న్యూరోమాస్ట్ రెండూ ఒకే రకం కణాలతో తయారైనా, నాడికి చెప్పే మాటలు వేరు. నేరుగా నీటికి తగిలే ఉపరితల న్యూరోమాస్ట్ నీటి వేగానికి స్పందిస్తుంది. కాలువలోనిది వేరు. కాలువలోని ద్రవం కదలాలంటే పక్కపక్క రంధ్రాల దగ్గర పీడనం తేడాగా ఉండాలి. బయటి నీటిలో అలాంటి పీడన ప్రవణత ఏర్పడేది నీటి వేగం మారుతున్నప్పుడు, అంటే త్వరణం ఉన్నప్పుడు. అందువల్ల కాలువ న్యూరోమాస్ట్ నాడి బయటి నీటి త్వరణాన్ని నివేదిస్తుంది. నిలకడగా పారే నీటిని కాలువ దాదాపు పట్టించుకోదు. ఉపరితలానివి కొన్ని పదుల హెర్ట్జ్ లోపలి నెమ్మది కదలికలకు, కాలువవి ఇంచుమించు 100, 200 హెర్ట్జ్ వరకూ వేగవంతమైన కంపనాలకు బాగా పనికివస్తాయి.

ఇది మన నీళ్లలో ఎంత అవసరమో ఆలోచించండి. నాగావళి ఏటి పారుదలలో నిలబడిన చేప ఉపరితల న్యూరోమాస్ట్‌లన్నీ ప్రవాహపు మోతతోనే నిండిపోతాయి. ఆ మోతలో పక్కన ఈదే చిన్న చేప తోక కదలిక మునిగిపోవాలి. 2000లో బంగారు చేపల మీదా ట్రౌట్ చేపల మీదా చేసిన ప్రయోగాల్లో సరిగ్గా ఇదే కనిపించింది. నీరు నిశ్చలంగా ఉన్నప్పుడు కంపించే గోళానికి స్పందించిన ఉపరితల న్యూరోమాస్ట్ నాడులు ప్రవాహం మొదలుపెట్టగానే ఆ గోళాన్ని కోల్పోయాయి. కాలువ న్యూరోమాస్ట్ నాడులు మాత్రం ప్రవాహంలో కూడా గోళాన్ని అనుసరిస్తూనే ఉన్నాయి. అలాగని ఉపరితలానివి పనికిరానివి కావు. ఏటికి ఎదురు తిరిగి నిలబడడానికి చేపకు ప్రవాహపు దిశను చెప్పేది అవేనని 1997లో తేలింది. ఒకటి నేపథ్యాన్ని చెబుతుంది, రెండోది నేపథ్యాన్ని వడకట్టి కొత్తదాన్ని చెబుతుంది. మనిషి చెవికి కూడా ఇంత చక్కని పంపకం లేదని నాకు అనిపిస్తుంది.

కంపనం ఎక్కడి నుంచి వచ్చిందన్న మీ మూడో ప్రశ్నకు ఒక న్యూరోమాస్ట్ ఒక్కటీ సమాధానం చెప్పలేదు, వరుస చెబుతుంది. చేప పక్కన ఒక పురుగు నీటిలో కొట్టుకుంటోందనుకోండి. దాని ఎదురుగా ఉన్న న్యూరోమాస్ట్‌ల దగ్గర పీడన ప్రవణత ఒక దిశలో బలంగా ఉంటుంది. వరుస వెంట ముందుకూ వెనక్కూ పోతే ఆ ప్రవణత సున్నాకు పడి, తరువాత ఎదురు దిశలో బలహీనంగా లేచి, మెల్లగా అణిగిపోతుంది. ప్రవణత దిశ తిరగబడిన చోట నాడుల లయ కూడా సరిగ్గా సగం ఆవృత్తి జరుగుతుంది. అంటే చేప ఒంటి పొడవునా నాడుల్లో ఒక శిఖరం, దానికి రెండు పక్కలా తిరగబడిన చిన్న శిఖరాలు ఉన్న ఆకారం ఏర్పడుతుంది. పెద్ద శిఖరం ఎక్కడుందో పురుగు అక్కడ ఎదురుగా ఉంది. పురుగు దూరంగా ఉంటే ఆ ఆకారమంతా వెడల్పుగా సాగుతుంది, దగ్గరగా ఉంటే ఇరుకుగా ముడుచుకుంటుంది. కాబట్టి వెడల్పులో దూరం ఉంది. బంగారు చేప మీద షెరిల్ కూంబ్స్ బృందం చేసిన కొలతలు ఈ ఆకారాన్ని నాడి స్పందనలోనే చూపించాయి. మొత్తం వరుసను ఒకేసారి చదవడం వల్లే ఇది సాధ్యమవుతుంది. చేతివేళ్లన్నీ ఒకేసారి ఆనించి చీకట్లో వస్తువు ఆకారం తడిమినట్లు, చేప నీటిని తన పొడవంతా ఆనించి తడుముతుంది. డచ్ శాస్త్రవేత్త డైక్‌గ్రాఫ్ ఈ జ్ఞానానికి దూరస్పర్శ అని పేరు పెట్టడానికి కారణం కూడా ఇదే. అంతకు ముందు 1850లో లైడిగ్ ఇది ఒక జ్ఞానాంగమని గుర్తించే వరకూ ఆ కాలువలను కేవలం జిగురు ఊరే గొట్టాలుగానే భావించారు.

మన వరి మళ్ల కాలువల్లో నీటి పైపొరకు అంటుకొని తిరిగే, నడినెత్తిన వెండి చుక్క మెరిసే చిన్న చేపను మీరు చూసే ఉంటారు. దానికి దగ్గరి చుట్టమైన, దక్షిణ భారతంలో దొరికే అప్లోకైలస్ లినియేటస్ అనే చేప మీద జర్మనీ ప్రయోగశాలల్లో ఎంతో పని జరిగింది. అది నీటి మీద పడిన పురుగు రేపిన అలలను తల మీది న్యూరోమాస్ట్‌లతో గ్రహించి, చూపు లేకుండానే పురుగు వైపు తిరుగుతుంది. అల దూరం వచ్చేకొద్దీ అధిక పౌనఃపున్యాలు ముందుగా అణిగిపోతాయి కాబట్టి అందిన అలలో ఏ పౌనఃపున్యాలు మిగిలాయన్నది కూడా దూరానికి ఒక కొలత అవుతుంది.

వాలుగ విషయం మరింత ఆశ్చర్యకరం. వాలుగ కుటుంబానికే చెందిన ఐరోపా చేప ఒకటి కటిక చీకట్లో చిన్న చేపలను వేటాడుతుందనీ, ఆ చిన్న చేప ఈదుకుంటూ పోయిన దారిని, పది సెకన్ల క్రితం ఏర్పడిన నీటి సుడుల జాడను సైతం, వెంటాడి పట్టుకుంటుందనీ 2001లో నమోదు చేశారు. పార్శ్వరేఖ పనిచేయకుండా చేసినప్పుడు ఆ వేట బాగా దెబ్బతింది. మన చెరువుల్లో రాత్రిపూట తిరిగే వాలుగ కూడా ఇలాగే చేస్తుందా అన్నది మీవంటివారు ఎంచుకోదగిన పరిశోధనాంశం.

చేప తాను ఈదేటప్పుడు పుట్టే కదలికల సంగతి ఏమిటని మీరు అడగలేదు గానీ, అది చెప్పకపోతే ఈ వివరం అసంపూర్ణం. తన తోక ఊపు, మొప్పల కదలిక అన్నీ తన న్యూరోమాస్ట్‌లనే ముందుగా తాకుతాయి. అందుకని మెదడు నుంచి రోమకణాల దాకా వచ్చే అపవాహి నాడులు ఉన్నాయి. చేప ఈదబోయే క్షణంలో అవి ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని విడుదల చేసి రోమకణాల సున్నితత్వాన్ని తాత్కాలికంగా తగ్గిస్తాయి. శ్వాస కదలికల మోతను మెదడు మరొక విధంగా తొలగిస్తుంది. పార్శ్వరేఖ నాడులు ముందుగా చేరే వెనక మెదడు కేంద్రంలో, ఊపిరి లయతో పాటు ప్రతిసారీ ఒకేలా వచ్చే సంకేతాన్ని నేర్చుకొని, దానికి ఎదురు సంకేతం కలిపి రద్దు చేసే ఏర్పాటు ఉందని 1994లో మాంట్‌గోమరీ, బాడ్నిక్ చూపించారు. అక్కడి నుంచి సమాచారం నడి మెదడుకు చేరి, చెవి నుంచీ కంటి నుంచీ వచ్చే వాటితో కలుస్తుంది. ఒక జ్ఞానం పోతే మరొకటి ఆదుకోవడం అక్కడ జరిగే పనే. 1976లో సైత్ అనే సముద్రపు చేప కళ్లకు తాత్కాలికంగా గంతలు కట్టి వదిలినా అది గుంపుతో కలిసి ఈదింది. గంతలతో పాటు పార్శ్వరేఖ నాడిని కూడా తెంచినప్పుడు మాత్రం గుంపులో నిలవలేకపోయింది.

ఇప్పుడు మీ తాతగారి మాటకు వస్తాను. గట్టు మీద గట్టిగా అడుగు వేస్తే చేప జాగ్రత్త పడుతుందన్న ఆయన అనుభవం నిజమే, దాన్ని నేను తోసిపుచ్చను. కానీ ఆ పని ముఖ్యంగా చేసేది ఒంటి గీత కాదు, లోపలి చెవి. పార్శ్వరేఖ గ్రహించేది చర్మానికీ దానికి ఆనుకున్న నీటికీ మధ్య ఉన్న తేడా కదలికను మాత్రమే. వంశధారలో పడవ ఏటితో పాటు కొట్టుకుపోతుంటే పడవలో కూర్చున్నవారి చేతికి నీటి వడి తగలదు, లంగరు వేసి నిలిపితేనే తగులుతుంది. దూరం నుంచి వచ్చే శబ్దతరంగం నీటినీ, ఇంచుమించు నీటి సాంద్రతే ఉన్న చేప ఒంటినీ కలిపి ఒకే ఊపున ఊపేస్తుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1500 మీటర్లు పోతుంది కాబట్టి 100 హెర్ట్జ్ అల పొడవు 15 మీటర్లు. అంత పొడవైన అలలో జానెడు చేప ఒంటికీ దాని పక్కనున్న నీటికీ తేడా ఏమీ మిగలదు. చెవిలోని ఓటోలిత్ అనే సున్నపు రాయి మాత్రం ఒంటి కంటే బరువైనది కాబట్టి వెనకబడుతుంది, ఆ వెనకబాటునే చెవిలోని రోమకణాలు పట్టుకుంటాయి. శీలావతి, బొచ్చె, జెల్ల, వాలుగ వంటి చేపల్లో ఇంకో సౌకర్యం ఉంది. గాలితిత్తి కంపనాన్ని లోపలి చెవికి చేరవేసే చిన్న ఎముకల గొలుసు వాటికి ఉంటుంది. దాన్ని 1820లో వర్ణించిన వేబర్ పేరుతోనే వాటిని పిలుస్తున్నారు. గట్టు అదురు నీటిలోకి దిగితే ఆ చేపలు వినడానికి ఈ ఏర్పాటు చాలు.

పార్శ్వరేఖ రాజ్యం దగ్గరి దూరానిది. కంపించే చిన్న వస్తువు చుట్టూ నీటి కదలిక దూరపు ఘనానికి విలోమంగా పడిపోతుంది, అంటే దూరం రెట్టింపైతే కదలిక ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. అందుకే సాధారణంగా చేప తన ఒంటి పొడవుకు ఒకటి రెండు రెట్ల దూరం లోపలి వాటినే ఈ గీతతో గ్రహిస్తుంది. మీ తాతగారి అడుగును కొర్రమీను వింటుంది. ఆయన గేలానికి గుచ్చిన ఎర మెలికలు తిరగడాన్ని మాత్రం, అది జానెడు దూరంలోకి వచ్చాక, తన ఒంటితో తడిమి తెలుసుకుంటుంది.